ఆ మాట ఉంటే పారేయి

ప్రియమైన మీకు,

క్షేమంగా చేరాను. గది చిన్నదే గానీ గాలి బాగా వస్తుంది. కిటికీ రెక్క ఒకటి సరిగా పడటం లేదు. రాత్రంతా టపటపా కొట్టుకుంది. మీరుంటే రెండు నిమిషాల్లో నోరు మూయించేవారు.

ఇది మామూలు మెయిలు కాదు. మా ఆసుపత్రి సొంత సర్వరు మీంచి బయటికి పోతున్న మొట్టమొదటి ఉత్తరం. ఇన్నాళ్ళూ ఆసుపత్రి ఉత్తరాలన్నీ ఎవరిదో కంపెనీ మిషన్లో ఉండేవి. రోగుల సంగతులు పరాయి చోట ఉండటం ఏమిటని ఇప్పుడు ఇక్కడే పెట్టుకుంటున్నారు. ఏ కాగితం ఎవరి బల్ల మీదికి పోవాలో మన ఊరి ఆసుపత్రి రికార్డుల గదిలో ఉన్నదాన్ని నాకు తెలుసు కాబట్టి మూడు నెలలకని నన్ను పెద్దాఫీసుకి పిలిచారు. ఆ సంగతి మీకు చెప్పాననుకోండి. మీరు "ఊఁ" అన్నారు. విన్నారో లేదో తెలియక మళ్ళీ రాస్తున్నాను.

పని ఇదీ. బయటినుంచి వచ్చిన ఉత్తరం ముందు గుమ్మం దగ్గర ఆగుతుంది. పంపింది నిజంగా ఆ మనిషేనా కాదా చూస్తాం. చెత్తయితే చెత్తలోకి, మంచిదైతే లోపలికి. లోపల ఎవరి పెట్టె వాళ్ళది. పరీక్షల ఉత్తరాలు ల్యాబుకి, మందులవి స్టోరుకి, ఫిర్యాదులు పెద్ద నర్సుకి. మీరు నా గదిలో చేసిచ్చిన అరల బీరువా ఉందే, అచ్చంగా అదే, చెక్క ఒక్కటే లేదు.

దీన్నంతా నిలబెడుతున్నది ఇంజనీరుగారని ఒకాయన. పెద్ద మీసాలు, అంతకన్నా పెద్ద నవ్వు. నాకు పని నేర్పుతున్నారు. పరీక్ష చేయడానికి బయటి మనిషి ఒకరు కావాలంటే "మా ఆయన ఉన్నారుగా" అని మీ పేరున పెట్టె తెరిచేశాను. ముందుగదిలో కంప్యూటరు ఎలా తెరవాలో కాగితం మీద రాసి దాని మీదే అంటించి వచ్చాను. ఈ పెట్టె ఎలా తెరవాలో మా తమ్ముడికి ఫోనులో చెప్పాను, చూపించే ఉంటాడు. ఫోను చేస్తే "ఊఁ" అని పెట్టేస్తారు. ఇందులో "ఊఁ" కుదరదు. రెండు మాటలైనా రాయాలి.

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన ఇల్లాలికి,

అందింది.

నేను బాగున్నాను. ట్యూషను టీచరమ్మగారి వీధి తలుపు పని నడుస్తోంది. కిటికీ రెక్కకి కింది కీలు మర వదులై ఉంటుంది. బిగిస్తే సరిపోతుంది.

దీంట్లో నీ ఉత్తరమే కాక ఇంకేవో వస్తున్నాయి. జుట్టు నూనె అట. రోజుకో డజను. నాకు జుట్టెక్కడుంది.

ఆ ఇంజనీరు వయసెంత?

ఇట్లు,
నేను

*

ప్రియమైన మీకు,

ఎంత రాశారండీ! మధ్యలో ఒక ప్రశ్న కూడా ఉంది. ఇంజనీరుగారికి అరవై దగ్గర పడుతోంది. భార్య పోయి చాలాకాలమైందట. నేనడగలేదు, ఆయనే చెప్పారు. ఆయన అన్నీ అడక్కుండానే చెబుతారు. మీ ఉత్తరం నా పక్కనుంచే చదివి "మేడమ్, ఆయన ఎప్పుడూ ఇంతేనా?" అన్నారు. "ఇది పండగ రోజు మాటలండీ" అన్నాను. ఒకటే నవ్వు.

కిటికీ మర బిగిద్దామంటే స్క్రూడ్రైవరు లేదు. ఆయన్నడిగితే వచ్చి బిగించి వెళ్ళారు. నా కళ్ళజోడు కాడ ఊడిపోయి దారంతో కట్టుకున్నానా, అది చూసి దాన్నీ బిగించి ఇచ్చారు. ఇప్పుడు ముక్కు మీద బాగా కూర్చుంది.

నూనె గొడవకి మందు చెబుతాను. పరీక్షకని మీ పెట్టెకి ఇంకా కాపలా పెట్టలేదు, అందుకే అన్నీ దూరుతున్నాయి. మీరే పెట్టుకోవచ్చు. పైన "నియమాలు" అని ఉంటుంది, నొక్కండి. రెండు గళ్ళు వస్తాయి. మొదటి గడిలో ఒక మాట రాయాలి. ఆ మాట ఉన్న ఉత్తరాన్ని ఏం చెయ్యాలో రెండో గడిలో చెప్పాలి. "నూనె" అని రాసి "పక్కన పెట్టు" అని నొక్కండి. దాని కిందే "పారేయి" అని కూడా ఉంటుంది. దాని జోలికి పోకండి. పక్కన పెట్టింది కావాలంటే మళ్ళీ చూసుకోవచ్చు. పారేసింది వచ్చినట్టు మీకూ తెలియదు, రాలేదని పంపినవాళ్ళకీ తెలియదు.

కూరలో ఉప్పు సరిగ్గా పడుతోందా?

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన ఇల్లాలికి,

నూనె ఆగింది. ఏర్పాటు బాగుంది.

స్క్రూడ్రైవరు నీ సంచి అడుగున పెట్టాను. చిన్నది, పసుపు పిడిది. కళ్ళజోడుకని విడిగా ఇంకోటి కూడా పెట్టాను. వెతకలేదా?

నా ఉత్తరాలు అతనికి చూపించకు.

నూనె ఒక్కటేనా, ఏ మాటనైనా ఆపుతుందా?

ఇట్లు,
నేను

*

ప్రియమైన మీకు,

సంచి అడుగున చూశాను. రెండూ ఉన్నాయి. గుడ్డలో చుట్టి పెట్టారు. పెట్టినప్పుడు ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేదండీ? నేనేమైనా సంచుల అడుగులు తవ్వుకుంటూ కూర్చుంటానా?

చూపించనులెండి. అయినా ఆయన ఏమన్నారో తెలుసా? "తక్కువ మాట్లాడేవాళ్ళకి లోపల చాలా ఉంటుంది మేడమ్" అన్నారు. "ఏమో, తలుపు తియ్యందే ఎలా తెలుస్తుందండీ" అన్నాను.

ఏ మాటనైనా ఆపుతుంది. మాట చెబితే చాలు, దానికి చుట్టాలూ పక్కాలూ ఉండరు. అందుకే ఇక్కడ ఒక్కో నియమం రాసేముందు ఇంజనీరుగారూ నేనూ గంటలు గంటలు వాదించుకుంటున్నాం. సాయంత్రం గది దాకా నడిచి వచ్చేటప్పుడూ అదే గోల. దారి పొడుగునా మాటలే. నేను ఇంత మాట్లాడగలనని నాకే తెలియదు. మాట్లాడుకుంటూ చేస్తే పని ఎంత తేలిగ్గా అవుతుందో ఈ వయసులో తెలిసింది.

టీచరమ్మగారి తలుపు ఎంతవరకు వచ్చింది?

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన ఇల్లాలికి,

తలుపు బిగించేశాను. టీచరమ్మగారు బాగుందన్నారు.

నీ తమ్ముడు వచ్చాడు. "ఏం బావా, మా అక్క అక్కడ మాటల పుట్ట అయిందట. తిరిగొచ్చేలోపు నీ చెవులకి రెండు తలుపులు చేసుకో" అన్నాడు.

ఇంకో నియమం పెట్టుకున్నాను. నూనెది కాదు.

ఇట్లు,
నేను

*

ప్రియమైన మీకు,

ఏం నియమమండీ? సగం చెప్పి ఊరుకుంటారేం!

ఇవాళ మా సర్వరు పూర్తిగా పనిలోకి దిగింది. ఆసుపత్రి మొత్తం దీని మీదే. పొద్దున్నే ఒక తమాషా జరిగింది. "రక్తం" అనే మాట ఉన్న ఉత్తరాలన్నీ ల్యాబుకి పంపమని నియమం రాసింది నేనే. స్టోరు గుమాస్తా తన స్నేహితుడికి ఉత్తరం రాసుకున్నాడు. "మా సూపర్నెంటు నా రక్తం తాగుతున్నాడు, వీడి కింద నేను చెయ్యలేను" అని. అది స్నేహితుడికి పోలేదు, తిన్నగా ల్యాబుకి పోయింది. ల్యాబువాళ్ళు కంగారుపడి "శాంపిలు ఎప్పుడు పంపుతారు?" అని సూపర్నెంటుగారికే ఫోను చేశారు!

గుమాస్తా నా బల్ల దగ్గరికి వచ్చి "అమ్మా, నా ఉద్యోగం మీ చేతుల్లో ఉంది" అన్నాడు. సూపర్నెంటుగారు మంచాయన, నవ్వి ఊరుకున్నారు. నాకే తల కొట్టేసినట్టయింది. ఇంజనీరుగారు మాత్రం "మొదటిరోజు నా సర్వరు తగలబడింది, మీరు నయం" అని టీ తెప్పించారు. ఒక్క మాట చూసి ఉత్తరం సంగతి తేల్చెయ్యకూడదని నాకు బాగా తెలిసొచ్చింది. నియమం మార్చి రాశాను.

ఈసారి మీరు పెద్ద ఉత్తరం రాయాలి. నాలుగు వాక్యాలు.

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన మీకు,

మీ దగ్గర్నుంచి ఏమీ లేదు. ఆరోగ్యం బాగానే ఉందని తమ్ముడు చెప్పాడు.

ఒక సంగతి అడగాలి. ఇక్కడ పని బాగా వచ్చిందని, మిగతా ఊళ్ళలో ఉన్న మా ఆసుపత్రులకి కూడా ఈ మెయిలే పెడతారట. ఆ పనికి నన్ను ఏడాదిపాటు ఉండమంటున్నారు. చిన్న ఇల్లు ఇస్తారు. వంటిల్లు ఉంది, వెనక కొంచెం ఖాళీ జాగా ఉంది. శుక్రవారంలోగా సంతకం పెట్టాలి.

నాకు ఉండాలని ఉంది. దాచడం దేనికి. కానీ మీరు వద్దంటే ఉండను.

మన ఇంట్లో మీరు ఊరుకుంటే సరేనన్నట్టు. పెళ్ళి మాటలప్పుడు మా నాన్న "ఏం నాయనా, నీకిష్టమేనా?" అని అడిగితే మీరు నేల చూస్తూ ఊరుకున్నారు. ఆయన సరేననుకున్నాడు. నేను ఉద్యోగంలో చేరతానన్నప్పుడు ఊరుకున్నారు. కుట్టుమిషను కొన్నప్పుడు ఊరుకున్నారు. మీ ఊరుకోవడాల మీదే మన కాపురం నడిచింది. ఇప్పుడూ అంతే. శుక్రవారందాకా చూస్తాను. మాట రాకపోతే సరేనని అనుకుంటాను.

ఇంజనీరుగారు సెలవు మీద ఊరెళ్ళారు.

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన మీకు,

శుక్రవారం వచ్చింది, పోయింది. మీ మాట రాలేదు.

సంతకం పెట్టాను.

పెట్టేటప్పుడు కలం రెండుసార్లు ఆగింది. సిరా బాగానే ఉంది. సూపర్నెంటుగారు "ఇంట్లో అడిగారా అమ్మా?" అన్నారు. "అడిగానండీ, సరేనన్నారు" అన్నాను.

ఇంజనీరుగారు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు.

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన ఇల్లాలికి,

పొద్దున నీ తమ్ముడు షెడ్డుకి వచ్చాడు. నేను చిత్రిక పడుతున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏం బావా, ఇంకో ఏడాది గరిటె నీ చేతిలోనేగా. కూర మాడుస్తున్నావా, పచ్చిగానే తింటున్నావా?"

"ఏడాదేమిటి?"

"అక్క సంతకం పెట్టిందిగా. నువ్వు సరేనన్నావట."

"నేనా?"

"నువ్వు కాకపోతే నేనంటానా? ఏం, నీకు తెలియదా బావా?"

నా మొహం చూసి వాడు లేచాడు. "సర్లే, నేనేదో విన్నాను, నాకు సరిగ్గా తెలియదు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. చెక్క మీద చిత్రిక ఒక చోట లోతుగా దిగిపోయింది. ఆ చెక్క ఇంక పనికి రాదు.

నాకు రాయడం చేతకాదు. తప్పులుంటే సర్దుకో.

ఆ రెండో నియమం నీ మీద పెట్టాను. మొదటి గడిలో "ఇంజనీరు" అని రాశాను. రెండో గడిలో "పారేయి" నొక్కాను. నువ్వు వద్దన్నదే నొక్కాను. పక్కన పెడితే మళ్ళీ తీసి చదువుతానని తెలుసు.

అతని మాట ఉన్న ఉత్తరం నాకక్కర్లేదనుకున్నాను. నా మర నేను బిగించుకునేవాణ్ణి. నీ కళ్ళజోడు అతను ఎందుకు పట్టుకోవాలి. దారి పొడుగునా మాటలట. మన ఇంటినుంచి బజారు దాకా నా పక్కన ఎన్నేళ్ళు నడిచావు, ఏం మాట్లాడుకున్నాం? అది నా తప్పే. అయినా అతనెందుకు మాట్లాడాలి.

అతని మాట లేని ఉత్తరం వస్తుంది, అది చదువుకుందామనుకున్నాను. రోజూ పొద్దున్నే ముందుగదిలో కూర్చుని తెరిచాను. ఏమీ లేదు. మర్నాడూ ఏమీ లేదు. నువ్వు రాయడం మానేశావని ఒక్కరోజు కూడా అనుకోలేదు. నువ్వు రాయకుండా ఉండలేవు. అంటే రాసిన ప్రతి ఉత్తరంలోనూ అతనున్నాడన్నమాట. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, అతను లేకుండా రాయలేకపోయావు. ఉత్తరాలు వచ్చినప్పుడు అతను ఎక్కడున్నాడో కనబడేది. ఖాళీ పెట్టెలో అంతటా అతనే ఉన్నాడు.

అలిగి నేనూ రాయడం మానేశాను.

కుళ్ళు అంటారే, అదే. ఈ వయసులో ఏమిటిదని నాకే సిగ్గేసింది. ఆ మనిషిని నేను చూడలేదు. అయినా చెక్క మీద గీత గీస్తే మీసంలా కనబడుతోంది.

నియమం తీసేశాను. పోయినవి రావని చూపించింది. నన్ను ఏం అడిగావో, ఎలా అడిగావో నాకు తెలియదు.

నేను ఊరుకుంటే సరేనని నీ లెక్క. ఇన్నాళ్ళూ అది నిజమే. ఈసారి కాదు. వద్దు. నాకిష్టం లేదు. వచ్చేయి.

ఇట్లు,
నేను

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఎవరికీ చూపించలేదు.

మీరు దాచింది చెప్పారు. నేను దాచింది వినండి.

పొద్దున్నే నా మొదటి పని సర్వరు ముందు కూర్చుని, ఏ ఉత్తరాలు అందాయి, ఏవి చెత్తలోకి పోయాయి, ఏవి పారేశారు అని చూడటం. నియమం తప్పై మంచి ఉత్తరం పోతే పట్టుకోవాలి కదా. ల్యాబులో జరిగిన తమాషా ఒకటి మీకు రాశాను, అదీ మీకు అందలేదు. అది రాసిన మర్నాడు, పారేసినవాటిలో నా పేరు కనబడింది. మీ పెట్టె తెరిచింది నేనే, దాని తాళం నాకు తెలుసు. లోపలికి వెళ్ళి మీ నియమం చూశాను.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. నా మాటలు పారేయమన్న మనిషి ఈయనా అనుకున్నాను. ఆ తర్వాత పని మానేసి అలా కూర్చుండిపోయాను. నా కోసం కుళ్ళుకునేంత మీలో ఉందని నాకెలా తెలుస్తుందండీ? ఇన్నేళ్ళూ కుళ్ళుకున్నది నేను. మీ చెక్కల మీద. గుమ్మానికి చెక్క ఏరేటప్పుడు మీరు దాన్ని వేలితో తట్టి, చెవి ఆనించి వింటారు. లోపల పగులుందేమోనని. నేను ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే నా వైపు చెవి తిప్పేవారు కాదు. మీకు అన్నం పెడుతూ ఎన్నిసార్లు అనుకున్నానో, ఈయనకి నేనూ ఒక దుంగనై పుడితే బాగుండేదని.

ఆ రోజే సూపర్నెంటుగారు ఏడాది మాట ఎత్తారు. ఆ ఒక్క మాట లేకుండా రాస్తే ఉత్తరం మీకు అందుతుందని నాకు తెలుసు. అందితే వద్దంటారేమో. మీరు నోరు తెరిచి వద్దంటే నేను ఉండలేను, అదీ తెలుసు. అందుకని కావాలనే ఆ మాట పెట్టాను. సంతకం పెట్టానని రాసినప్పుడూ పెట్టాను. ఆయన అప్పుడు సెలవులో ఉన్నారు. ఆయన గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. మీకు అందకుండా మిమ్మల్ని అడిగాను. మీరు ఊరుకుంటారని తెలిసి, ఊరుకున్నారు కాబట్టి సరేనన్నారని అందరికీ చెప్పాను. మీరు తిట్టండి, పడతాను.

అంటే నా ఉత్తరాల నిండా ఆయనే ఉన్నాడన్న మీ లెక్క తప్పు. ఆ రెండింట్లోనూ ఉన్నది మీరూ నేనే. పాతవి మాత్రం మీరన్నట్టే. ఆయన నాతో మాట్లాడారు. నేను చెప్పింది వింటూ తల ఊపారు. నాకు బాగుంది. అబద్ధం ఆడను. అంతకు మించి ఏమీ లేదు. అదీ అబద్ధం కాదు.

మీరు వద్దన్నారు. పెళ్ళయ్యాక మొదటిసారి నన్ను వచ్చేయమన్నారు. సంతోషంతో నాకు రెండు పూటలు తిండి సయించలేదు.

కానీ రాను.

ఈ పని నాది. ఇక్కడ ఉత్తరం ఎవరికి చేరాలో నేను చెబుతాను, అది చేరుతుంది. నాకిది వదలాలని లేదు. ఇల్లు ఇచ్చారు. వెనక జాగాలో షెడ్డు వేసుకోవచ్చని అడిగి ఉంచాను. ఆసుపత్రిలో సగం తలుపులు నేలకి రాసుకుంటున్నాయి.

మీరే రండి. ఈసారి మీరు ఊరుకుంటే సరేననుకోను, రానన్నారనుకుంటాను. మాట కావాలి.

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన నీకు,

కోపంగా ఉంది. అది వచ్చాక చెబుతాను. నోటితోనే చెబుతాను.

షెడ్డుకి తాళం వేసి చెవి నీ తమ్ముడికిచ్చాను. "ఏం బావా, అక్కకి కాపలా కాయడానికా?" అన్నాడు. "కాపురం చేసుకోవడానికి" అన్నాను.

పెద్ద రంపం తేవడం లేదు, రైల్లో ఒప్పుకోరట. మిగతావి తెస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం బండి. స్టేషనుకి నువ్వొక్కదానివే రా.

ఇట్లు,
నేను